కిట్టయ్య పోయాక సత్య

జంట పిట్టల్లో ఒకటి పోతే రెండోది దిగులుతో పోతుందని మా విజయవాడ సత్యనారాయణపురంలో చాలామంది నమ్మకం. మా మగపిట్ట కిట్టయ్య పోయిన రోజు పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు. దిగులు నిజమే, కళ్ళారా చూశాను. అయితే దిగులుపడ్డ పిట్టకి మనం ఏం చెయ్యాలో ఆ మాట చెప్పదు. నాకు పనికొచ్చిన దారి ఒకటే. బతికున్నప్పుడు మగపిట్ట ఆడదానికి రోజూ ఏమేం చేసిపెట్టేదో ఒక్కొక్కటే గుర్తుచేసుకుని, వాటిలో మన చేతనైనవి మనం అందుకోవడం. ఇంట్లో ఇలాంటి జంట ఉన్నవాళ్ళకి ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను.

కిట్టయ్య, సత్య కాక్‌టీల్ పిట్టలు. పిట్టల దుకాణాల్లో కాక్‌టెయిల్ అని అమ్ముతారే, అవే. సొంత గడ్డ ఆస్ట్రేలియా. కాకటూల కుటుంబానికి చెందిన చిన్న చిలకలు. తల మీద నిలబడే కుచ్చు, బుగ్గ మీద నారింజ రంగు బొట్టు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, పడవ మీద పాలు, మంచినీళ్ళు పంచడానికి వెళ్ళిన మా మేనల్లుడు వీటిని తెచ్చాడు. కింది వాటా అంతా నీళ్ళు. పెద్దావిడ ఒకరు మేడమెట్ల మీద పంజరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. పడవ ఎక్కమంటే, "ముందు వీళ్ళని అందుకో నాయనా" అన్నారట. నీళ్ళు తీశాక కొడుకు వచ్చి ఆవిణ్ణి హైదరాబాదు తీసుకెళ్ళిపోయాడు. అక్కడి అపార్ట్‌మెంట్లో పిట్టలు కుదరవన్నాడు. అలా ఇవి మాకు మిగిలాయి. పేర్లు ఆ మామ్మగారు పెట్టినవే. కిట్టయ్యకి 16 ఏళ్ళు దాటాయని, వాడి మొదటి జోడీ పోయాక సత్యని తెచ్చానని, సత్యకి పదేళ్ళ లోపే ఉంటాయని ఆవిడే ఫోన్లో చెప్పారు. సరిగ్గా చూసుకుంటే కాక్‌టీల్ 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుంది. కిట్టయ్య ముసలివాడై మా ఇంటికి వచ్చాడన్నమాట.

ఒక కంట్లో శుక్లం. కాళ్ళ కీళ్ళు వాచి ఉండేవి. కూర్చునే కర్రలు కిందికి దించి, పట్టు జారకుండా పాత పంచె గుడ్డ చుట్టాను. ఏళ్ళ తరబడి కొర్రలూ పొద్దుతిరుగుడు గింజలూ మాత్రమే తిన్న ఒళ్ళు వాడిది. ఆ గింజల్లో ఎ విటమిన్, కాల్షియం చాలవు. పొద్దుతిరుగుడులో కొవ్వు మరీ ఎక్కువ. మునగాకు, కొత్తిమీర, క్యారట్ తురుము పెడితే సత్య నెమ్మదిగా అలవాటు పడింది. కిట్టయ్య ముక్కుతో పక్కకి నెట్టేసేవాడు. ఆ వయసులో బలవంతం చెయ్యబుద్ధి కాలేదు.

పిట్టలు జబ్బుని దాచుకుంటాయి. అడవిలో నలతగా కనబడ్డ పిట్టనే గద్ద ఎంచుకుంటుంది కాబట్టి, ఓపిక ఉన్నంతసేపూ బాగున్నట్టే కనిపిస్తాయి. మనకి తెలిసేసరికి రోగం ముదిరి ఉంటుంది. అందుకే వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ పొద్దున్నే, గింజలు వెయ్యకముందే తూచడం మొదలుపెట్టాను. కాటా మీద చిన్న కర్ర నిలబెడితే వాటంతట అవే ఎక్కి కూర్చుంటాయి. 90 గ్రాములున్న పిట్ట 9 గ్రాములు తగ్గిందంటే ఇక ఆగకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. కార్తీకం వెళ్ళేసరికి కిట్టయ్య అంతకంటే ఎక్కువే తగ్గాడు. ఛాతీ మీద చెయ్యి పెడితే రొమ్ము ఎముక తగిలేది. నీళ్ళు ఎక్కువగా తాగేవాడు, రెట్ట నీళ్ళగా పడేది. కిడ్నీలు దెబ్బతిన్నట్టున్నాయని డాక్టరుగారు మందులిచ్చారు. ఒంటికి వెచ్చగా ఉంచమన్నారు. ఈ వయసులో పూర్తిగా నయమవుతుందని ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పారు. అలా ఉన్నదున్నట్టు చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం.

ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, గుడి మైకులో తిరుప్పావై వినబడుతుండగా లేచి చూస్తే కిట్టయ్య పంజరం అడుగున ఉన్నాడు. పంజరం అడుగుకి ఎన్నడూ దిగని సత్య వాడి పక్కనే నిలబడి, వాడి తల దువ్వుతోంది. కాసేపటికి ప్రాణం పోయింది. శరీరాన్ని వెంటనే తీసెయ్యలేదు. రెండూ ఒకే పంజరంలో ఉన్నవే, అంటుకునే జబ్బేదైనా ఉంటే ఈపాటికి అంటుకునే ఉంటుంది, కాబట్టి చూడనిచ్చాను. అది ముక్కుతో రెండుమూడుసార్లు కదిపింది, కుచ్చు ఈక పట్టి లాగింది, చివరికి వెనక్కి జరిగి పైకెక్కిపోయింది. అలా చూపించడం వల్ల దానికి ఏం బోధపడిందో నేను చెప్పలేను. ఆ తర్వాత కూడా అది కిట్టయ్యని పిలిచింది. కానీ పంజరం మూలమూలలా వెతకడం మాత్రం చెయ్యలేదు.

వెంటనే చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది. పోస్టుమార్టం.

"పోయినవాణ్ణి ఇంకా కొయ్యడం ఎందుకే, చెట్టు కింద పెట్టేద్దాం" అన్నారు మా ఆయన, గొంతు పూడుకుపోయి.

"వాడి కోసం కాదండీ, సత్య కోసం" అన్నాను.

చిలక జాతికి సిట్టకోసిస్ అని ఒక జబ్బు వస్తుంది. క్లమీడియా అనే బాక్టీరియా వల్ల వస్తుంది, ఎండిన రెట్ట దుమ్ము పీల్చితే మనుషులకి కూడా సోకుతుంది. ఇంట్లో మా అత్తయ్య ఉన్నారు, ఆవిడకి ఉబ్బసం. కిట్టయ్య దేనితో పోయాడో తెలియకపోతే సత్యకి మందు వెయ్యాలో వద్దో, మేం జాగ్రత్తపడాలో వద్దో ఎలా తెలుస్తుంది? శరీరాన్ని కవర్లో చుట్టి, థర్మోకోల్ పెట్టెలో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని గన్నవరం పశువైద్య కళాశాలకి వెళ్ళాం. ఇలాంటప్పుడు చల్లగా ఉంచాలే గానీ డీప్ ఫ్రీజరులో గడ్డ కట్టించకూడదు. గడ్డకడితే కణజాలం పాడై, లోపలి మార్పులు సరిగ్గా కనబడవు. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర ఉంది. కిడ్నీలు పనిచెయ్యక యూరిక్ ఆమ్లం బయటికి పోలేక లోపలి అవయవాల మీద పేరుకుంది. విసరల్ గౌట్ అంటారు. అంటువ్యాధి కాదు. అది విన్నాకే నాకు ఊపిరి ఆడింది. శరీరాన్ని వెనక్కి తెచ్చుకోలేదు, అక్కడే పూడుస్తామంటే అప్పజెప్పి వచ్చాం.

ఇంటికొచ్చేసరికి గిన్నెలో గింజలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

ఇంత చిన్న పిట్టకి ఒంట్లో నిలవ ఉండే శక్తి చాలా తక్కువ. రోజంతా తినకుండా ఉంటే ప్రమాదంలో పడ్డట్టే. రెట్ట చూస్తే తెలిసిపోతుంది: తిండి లోపలికి పోకపోతే పరిమాణం తగ్గి, ముదురాకుపచ్చగా మారుతుంది. అప్పుడు గుర్తొచ్చింది, సత్య తనంతట తాను ముందుగా గిన్నె దగ్గరికి వెళ్ళడం నేను ఎప్పుడూ చూడలేదు. కిట్టయ్య దిగి రెండు గింజలు ఒలిచాకే అది వచ్చేది. గుంపులో బతికే పిట్టలు గుంపుతోనే తింటాయి. ఒకటి నిశ్చింతగా తింటోందంటే చుట్టుపక్కల ప్రమాదం లేదని మిగతావాటికి భరోసా. ఆ భరోసా ఇచ్చేవాడు ఇప్పుడు లేడు.

ఈ సంగతి అత్తయ్యతో అన్నాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ మామయ్య పోయినప్పుడు నాకూ ముద్ద దిగలేదు. మా పెద్దాడపడుచు కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని తినేది. నన్ను తినమని ఒక్కసారీ అనలేదు. ఆవిడ తింటుంటే నేనూ తిన్నాను" అన్నారు. ఆ పూట నుంచి అత్తయ్య భోజనం పంజరం పక్కనే. కుర్చీ వేసుకుని, ఉప్పూ నూనె తగలని ఉడికించిన మొక్కజొన్న గింజలు తన కంచం అంచున పెట్టుకుని, నిదానంగా తినేవారు. మొదటి పూట సత్య చూస్తూ ఊరుకుంది. మర్నాడు మధ్యాహ్నం దిగి గిన్నెలో ఒక్క కొర్ర గింజ ఒలిచింది. అత్తయ్య నా వైపు తిరిగి కళ్ళతోనే ఊరుకోమన్నారు, నేను ఎక్కడ అరుస్తానోనని. కాటా మీద బరువు కిందికి దిగడం ఆగడానికి ఇంకొంత సమయం పట్టింది గానీ, ఆగింది.

రెండో పని పిలుపుకి జవాబివ్వడం. జంటలో ఒకటి కనబడకపోతే రెండోది గట్టిగా పిలుస్తుంది, మొదటిది ఎక్కడున్నా పలకాలి. సత్య పిలుస్తూనే ఉండేది. జవాబు లేకపోయేసరికి ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు. ఆ అరుపు భరించలేక పంజరం మీద దుప్పటి కప్పేవాళ్ళున్నారు. అది మొండితనం అనుకుంటారు. నా దృష్టిలో అది ప్రశ్న, జవాబు ఇస్తే ఆగుతుంది. కిట్టయ్యకి పాటలూ కుక్కరు కూతా అన్నీ వచ్చేవి, కాక్‌టీల్ మగవాటికే ఆ విద్య ఎక్కువ. కానీ సత్య పిలిచినప్పుడు మాత్రం రెండు స్వరాల చిన్న ఈల వేసేవాడు. మా ఆయన ఆ ఈల పట్టుకున్నారు. వరండాలో పేపరు చదువుతున్నా, స్నానాల గదిలో ఉన్నా, సత్య పిలిస్తే అక్కడినుంచే ఈల. కిట్టయ్య వీడియోలు ఫోన్లో పెట్టి వినిపించమని చాలామంది సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. వాడి గొంతు వినబడితే వాడి కోసం వెతుకుతుంది, వాడు దొరకడు. ఈల వేసిన మనిషి దొరుకుతాడు కదా, నడిచి ఎదురుగా వస్తాడు కదా. జవాబంటే అది.

రాత్రిళ్ళు తేలిగ్గానే గడిచాయి. కాక్‌టీల్‌కి చీకట్లో ఉన్నట్టుండి బెదిరి పంజరమంతా కొట్టుకునే గుణం ఉంటుంది, రెక్కలు విరగ్గొట్టుకుంటాయి కూడా. జీరో బల్బు ఒకటి వెలిగించి ఉంచాం, కరెంటు పోతే ఉంటుందని చిన్న చార్జింగ్ లైటు పెట్టాం. భోగి మంటల పొద్దున మాత్రం కిటికీలన్నీ మూసి సత్యని లోపలి గదిలో పెట్టుకున్నాను. పిట్టల ఊపిరితిత్తులకి పొగ అసలు పడదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి అయితే నిమిషాల్లో చంపేస్తుంది. ఇవి వచ్చిన వారంలోనే మా ఇంట్లో అన్నీ ఇనప పెనాలయ్యాయి.

ఇక తల సంగతి. ఎక్కువ మాట్లాడాల్సింది దీని గురించే, ఎందుకంటే పిట్టలు పెంచేవాళ్ళలో కూడా చాలామందికి ఇది తట్టదు.

సంక్రాంతి వెళ్ళాక సత్య ఈకలు రాల్చింది. కొత్త ఈక ఒంట్లోంచి నేరుగా విచ్చుకుని రాదు. మన గోళ్ళలో ఉండే కెరటిన్ పదార్థంతోనే చేసిన సన్నని తొడుగులో చుట్టుకుని, ముల్లులాగా బయటికొస్తుంది. ఎదిగాక పిట్ట ఆ తొడుగుని ముక్కుతో నమిలి రాల్చేస్తే లోపలి ఈక విప్పారుతుంది. ఒళ్ళంతటికీ ఆ పని తానే చేసుకుంటుంది, ఒక్క తలకి తప్ప. తన తలని తన ముక్కుతో అందుకోలేదు కదా. కాలితో గోక్కుంటుంది గానీ అది చాలదు. తల పని జోడీది. అందుకే జంట పిట్టలు అస్తమానం ఒకదాని ముందొకటి తల వంచుతుంటాయి. చూసేవాళ్ళు ప్రేమ అనుకుంటారు. ప్రేమే, కాదనను. కానీ అందులో చాకిరీ కూడా ఉంది.

సత్య తలంతా తెల్లటి ముళ్ళతో నిండిపోయింది. దురద కాబోలు, పంజరం చువ్వలకేసి రుద్దుకునేది. నేను ఇదేదో చర్మరోగం అనుకుని కంగారుగా మామ్మగారికి ఫోన్ చేసి అడిగితే, ఆవిడ, "రోగమేం కాదమ్మా, దువ్వేవాడు పోయాడుగా. దీనికంటే ముందుది పోయినప్పుడు కిట్టయ్య తలా అలాగే అయింది. నేనే గిల్లి తీసేదాన్ని. ముందు అది తల వంచాలి. వంచకుండా నువ్వు ముట్టుకోకు" అన్నారు.

తల వంచడానికి వారాలు పట్టింది. రోజూ సాయంత్రం చెయ్యి పంజరం తలుపు దగ్గర ఊరికే పెట్టి కూర్చునేదాన్ని. ముందు చేతి దగ్గరికి వచ్చింది, తర్వాత మణికట్టు ఎక్కింది, ఒకనాడు కుచ్చు వెనక్కి వాల్చి మెడ వంచింది. పని చేసే పద్ధతి ఇదీ: ముందుగా గోరువెచ్చని నీళ్ళు స్ప్రేతో సన్నగా చల్లితే తొడుగులు మెత్తబడతాయి. ఆరాక తెల్లగా, పొడిగా ఉన్నవాటినే రెండు గోళ్ళ మధ్య మెల్లగా నలపాలి. చివరి నుంచి మొదలుపెట్టి, ఎండినంత మేరకే, చర్మం దాకా పోకూడదు. తొడుగు మొదలు దగ్గర నల్లగానో నీలంగానో కనబడితే లోపల ఇంకా రక్తం ఉన్నట్టు. దాన్ని నొక్కితే నొప్పి, విరిగితే రక్తం కారుతుంది. అలాంటివి వదిలెయ్యాలి. సత్య నొప్పి పుడితే చిన్నగా కసిరేది, ఆ వేలిని ముక్కుతో నెట్టేది. బాగుంటే కళ్ళు సగం మూసి ఇంకో పక్కకి తిప్పేది. పొడిపొడిగా తెల్లటి దుమ్ము రాలి, ఒక్కో పసుపు ఈక విచ్చుకుంటుంటే నాకు కలిగిన సంతోషం ఇంతని చెప్పలేను.

ఇక్కడో జాగ్రత్త. చెయ్యి తలా మెడా దాటకూడదు. వీపు నిమిరితే, రెక్కల కింద తడిమితే ఆడపిట్ట ఒళ్ళు జతకూడే కాలం వచ్చిందనుకుంటుంది. మగది లేకపోయినా గుడ్లు పెట్టడం మొదలెడుతుంది. అదే పనిగా పెడితే ఎముకల్లో కాల్షియం లాగేసుకుంటుంది, గుడ్డు అడ్డంపడితే ప్రాణం మీదికే వస్తుంది. ఎంత జాగ్రత్తపడ్డా వేసవి ముందు సత్య గుడ్లు పెట్టింది. తీసేస్తే లెక్క పూడ్చుకోవడానికి మళ్ళీ పెడుతుందని డాక్టరుగారు వాటిని అక్కడే ఉంచమన్నారు. కాక్‌టీల్ గుడ్డు పొదగడానికి మూడు వారాల దాకా పడుతుంది. అన్నాళ్ళూ కూర్చుని, విసుగొచ్చి అదే వదిలేసింది. ఈలోగా కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క పంజరానికి కట్టి ఉంచాను.

ఇన్ని పనులు పంచుకున్నాం గానీ ఒకటి మిగిలిపోయింది. కిట్టయ్య దానికి చేసినవే మేం లెక్కపెట్టాం. అది కిట్టయ్యకి చేసిన పని? పొద్దునా సాయంత్రం వాడి తల దువ్వడానికి అలవాటు పడ్డ ముక్కు అది. నేను దాని తల పని ముగించాక భుజం మీదికి నడిచొచ్చి నా కనుబొమ్మ వెంట్రుకలు ఒక్కొక్కటే సరిచెయ్యడం మొదలుపెట్టింది. మొదటిసారి భయమేసింది, కన్ను పక్కనే కదా. తర్వాత కళ్ళు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. దానికి ఆ పని కావాలి.

కిట్టయ్య పోయిన నెల నుంచే ఇంకో పిట్టని తెమ్మని వచ్చేపోయేవాళ్ళంతా అంటూనే ఉన్నారు. ఒకాయన రామచిలక పిల్లని తెచ్చిస్తానన్నారు. రామచిలక మన అడవి పిట్ట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. గూట్లోంచి లాగి తెచ్చిన పిల్లని సత్యకి తోడంటూ నేను ఎలా తెచ్చుకుంటాను? ఆయనకి ఆ మాటే చెప్పి పంపించాను. కాక్‌టీల్‌ని కొనడం కూడా ఇష్టం లేకపోయింది. కుర్రపిట్టని తెస్తే దాని చలాకీతనం సత్యకి వేధింపు, పైగా సత్య పోయాక మళ్ళీ ఇదే కథ దానికి.

ఇప్పుడు గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక మగ కాక్‌టీల్ వచ్చింది, సత్య కంటే కాస్త పెద్దదే. పెంచిన అబ్బాయి పైచదువుకి విదేశం వెళ్ళిపోయాడు, వాళ్ళమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, చూసుకోలేనన్నారు. వెనక గదిలో వేరుగా పెట్టాం. కొత్త పిట్టని 45 రోజులు విడిగా ఉంచి, రెట్ట పరీక్ష చేయించాకే పాతదాని దగ్గరికి తేవాలి. ముందు సత్య పనులన్నీ ముగించుకుని, ఆ తర్వాతే దాని గదిలోకి వెళ్తున్నాను. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కుని బట్టలు మార్చుకుంటున్నాను. గడువయ్యాక కూడా పంజరాలు పక్కపక్కన పెడతామే గానీ వెంటనే కలపం. పడకపోతే ఎవరి పంజరం వాళ్ళది. సత్య పిలిస్తే ఇప్పుడు రెండు జవాబులొస్తున్నాయి, వెనక గది నుంచి ఒకటి, వరండాలోంచి మా ఆయన ఈల ఒకటి.

ఆ పిట్ట తలా ముళ్ళతో నిండి ఉంది. ఒంటరిగా పెరిగింది కదా, ఇన్నేళ్ళలో ఎవరూ తీసినట్టు లేదు. మొన్నటి నుంచి దానికీ గోరువెచ్చని నీళ్ళు చల్లుతున్నాను. ఇంకా తల వంచడం లేదు.